తొమ్మిది ఇన్నింగ్స్, ఒక కప్పు బీరు

అమెరికాలో మొదటిసారి బేస్‌బాల్ చూసొచ్చిన మనవాళ్ళని ఎలా ఉందని అడిగితే, ఎక్కువమంది చెప్పే మాట ఇలా ఉంటుంది: "గంటల తరబడి ఏమీ జరగదండీ, కానీ కూర్చుంటే హాయిగా ఉంది." ఈ మాటలో రెండు ముక్కలూ నిజమే. రెండోది నిజం కావడానికి మొదటిదే కారణమని నా అభిప్రాయం. ఏమీ జరగనట్టు సాగే ఆ రెండున్నర మూడు గంటలు, కాస్త ఎండ, కాస్త గాలి, పక్కన కబుర్లాడే మనిషి, చేతిలో చల్లటి బీరు. ఇంతకంటే తేలికైన సుఖం ఇంకేం కావాలి అనిపిస్తుంది. అయితే ఆ కప్పు ఆ గ్యాలరీలోకి తనంతట తాను రాలేదు. దాని కోసం ఒక జట్టుని లీగ్ నుంచి గెంటేశారు, దాని కోసమే ఇంకో లీగ్ పుట్టింది. బీరు ఫ్యాక్టరీల వాళ్ళు జట్లని కొన్నారు. ఒక రాత్రి వేలమంది చూస్తుండగా మైదానంలో కొట్లాట జరిగి ఆటే మధ్యలో ఆగిపోయింది. ఇవన్నీ కలిపి చూస్తే ఈ సుఖానికి రెండే రెండు కావాలని అర్థమవుతుంది: తొందరలేని సమయం, జేబుకి అందే ధర. ఈ రెండూ ఇప్పుడు తగ్గిపోతున్నాయి, నా బాధ అదే.

ముందు ఆట సంగతి చూద్దాం. క్రికెట్ తెలిసిన మనకి ఇది తొందరగానే అర్థమవుతుంది. బేస్‌బాల్లో ఓవర్ల లెక్క లేదు, ఇంతసేపట్లో ముగించాలన్న గడియారం కూడా లేదు. తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ బ్యాటింగ్ చేస్తాయి, ముగ్గురు ఔటైతే అవతలి జట్టు వంతు. ఆ మూడు ఔట్లు మూడు బంతుల్లో అయిపోవచ్చు, అరగంట పట్టినా పట్టొచ్చు. జట్లు మారే ప్రతిసారీ రెండు నిమిషాలకి పైగా విరామం ఉంటుంది. 2013లో వాల్‌స్ట్రీట్ జర్నల్ వాళ్ళు గడియారం పట్టుకుని లెక్కేస్తే, మూడు గంటల ఆటలో బంతి గాల్లోనో నేల మీదో కదులుతూ, మనుషులు పరిగెడుతూ ఉన్న సమయం మొత్తం కలిపి సుమారు 18 నిమిషాలే తేలింది. మిగతాదంతా ఎదురుచూపే. పిచర్ (బంతి వేసేవాడు) టోపీ సర్దుకుంటాడు, క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) ఏ బంతి వెయ్యాలో సూచిస్తాడు, బ్యాటర్ కాలితో మట్టి గీస్తాడు. ఈ ఎదురుచూపు బోర్ కొట్టకుండా ఉండాలంటే చేతికీ నోటికీ ఏదో ఒక పని కావాలి. వేరుశనక్కాయలు ఒలుచుకుంటారు, పొద్దుతిరుగుడు గింజలు నములుతారు, పాతకాలం వాళ్ళయితే స్కోరుకార్డు మీద పెన్సిల్‌తో ఒక్కో బంతీ రాసుకుంటారు. బీరు ఈ వరుసలోదే. గటగటా తాగేది కాదు, బంతికీ బంతికీ మధ్య ఒక్కో గుక్క.

ఇంకో సంగతి కూడా ఉంది. ఒక్కో జట్టు సీజన్లో 162 ఆటలు ఆడుతుంది, అందులో సగం, అంటే 81, సొంత ఊళ్ళోనే. ఐపీఎల్లో హైదరాబాద్ ఒక మ్యాచ్ ఓడితే పాయింట్ల పట్టిక ముందేసుకుని లెక్కలు కడతాం. జూన్‌లో ఒక మంగళవారం సాయంత్రం బేస్‌బాల్ జట్టు ఓడితే కొంపలేమీ మునగవు, రేపు మళ్ళీ ఆట ఉంది, ఎల్లుండి కూడా ఉంది. అందుకే అక్కడ కూర్చున్నవాడికి టెన్షన్ తక్కువ. ఆట మీద ఒక కన్నేసి పక్కవాడితో ఇంటి సంగతులు మాట్లాడుకోవచ్చు, బ్యాట్‌కి బంతి గట్టిగా తగిలిన చప్పుడు వినిపిస్తే అప్పుడు తలెత్తి చూడొచ్చు. మన ఊళ్ళలో సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని వీధిలో వచ్చేపోయే వాళ్ళని చూడటం లాంటిదే ఇది. అక్టోబర్ ప్లేఆఫ్స్ సంగతి వేరు. అప్పుడు ఎవరి చేతిలో కప్పు ఉందో కూడా ఎవరికీ గుర్తుండదు.

ఏ బీరు అన్నది కూడా ముఖ్యమే. మన దగ్గర షాపుకెళితే మొదట వచ్చే ప్రశ్న లైటా, స్ట్రాంగా అని. అమ్ముడుపోయేది ఎక్కువగా స్ట్రాంగే, ఆల్కహాల్ ఎనిమిది శాతం దాకా ఉంటుంది. అమెరికా స్టేడియాల్లో తరతరాలుగా తాగుతున్నది లాగర్. జర్మన్ వలసదారులు తెచ్చిన పద్ధతికి అక్కడి బార్లీతో పాటు మొక్కజొన్నో బియ్యమో కలిపి (బడ్‌వైజర్‌లో పడేది బియ్యమే) ఇంకా తేలిక చేసిన సరుకు అది. మామూలు లాగర్‌లో ఐదు శాతం, లైట్ అని రాసున్నవాటిలో 4.2 శాతం ఆల్కహాల్ ఉంటుంది. బీరు మీద బాగా పట్టున్నవాళ్ళు దీన్ని నీళ్ళలా ఉందని తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. మూడు గంటలు ఎండలో కూర్చుని తాగేదానికి ఆ తేలికదనమే కావాలి. ఇప్పుడు ప్రతి స్టేడియంలోనూ దొరుకుతున్న ఏడు శాతం ఐపీఏ అనే ఘాటు బీర్లు రుచికి మంచివే కావచ్చు గానీ, అవి రెండు పడితే ఐదో ఇన్నింగ్స్ నుంచి ఆట మసకబారుతుంది. ఇక ఆ ప్లాస్టిక్ కప్పు సంగతి. ఒకప్పుడు సీసాల్లోనే అమ్మేవారు, కోపమొస్తే జనం వాటినే విసిరేవారు. 1907లో సెయింట్ లూయిస్‌లో బిల్లీ ఎవాన్స్ అనే కుర్ర అంపైర్ తలకి సీసా తగిలి పుర్రె చిట్లింది, అదృష్టం కొద్దీ బతికాడు.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. 1876లో మొదలైన నేషనల్ లీగ్ పెద్దమనుషుల ఆటగా పేరు తెచ్చుకోవాలనుకుంది. టికెట్ 50 సెంట్లు, ఆదివారం ఆట ఉండకూడదు, మైదానంలో మద్యం అమ్మకూడదు. వినడానికి పద్ధతిగానే ఉంది. కానీ అప్పట్లో ఫ్యాక్టరీ కూలీలకి వారానికి ఆరు రోజులు పని, సెలవున్నది ఆదివారం ఒక్కటే. ఆ ఒక్క రోజూ ఆట లేకపోతే వాళ్ళు ఆట చూసేదెప్పుడు? పైగా సిన్సినాటి, సెయింట్ లూయిస్ లాంటి ఊళ్ళ నిండా జర్మన్ కుటుంబాలే. వాళ్ళకి ఆదివారం అంటే చర్చి అవగానే పెళ్ళాం పిల్లలతో తోటలో కూర్చుని పాట వింటూ బీరు తాగడం. అందులో తప్పేముందో వాళ్ళకి అర్థమయ్యేది కాదు. ఇంగ్లండు మూలాలున్న ప్రొటెస్టెంట్ పెద్దలకి అదే పెద్ద పాపం. 1880లో సిన్సినాటి జట్టు తన మైదానంలో బీరు అమ్మింది, తమ ఆట లేని ఆదివారాల్లో మైదానాన్ని అద్దెకిచ్చింది. మానమంటే మానలేదు. సీజన్ అయిపోగానే లీగ్ వాళ్ళని బయటికి పంపేసింది.

పంపేస్తే ఊరుకుంటారా? రెండేళ్ళు తిరక్కుండానే, 1882లో, అమెరికన్ అసోసియేషన్ పేరుతో ఇంకో లీగ్ ఆడటం మొదలుపెట్టింది. టికెట్ 25 సెంట్లు. ఆదివారం ఆడొచ్చు. బీరు అమ్మొచ్చు. నేషనల్ లీగ్ వాళ్ళు వెటకారంగా దీన్ని 'బీర్ అండ్ విస్కీ లీగ్' అన్నారు, జనం మాత్రం వెళ్ళారు. సెయింట్ లూయిస్ జట్టు యజమాని క్రిస్ ఫాన్ డెర్ ఆహే జర్మనీ నుంచి వచ్చి కిరాణా కొట్టు, దాంతో పాటు బారు నడుపుకున్న మనిషి. ఆట ఉన్న రోజుల్లో తన బారు ఎందుకంత కిటకిటలాడుతోందో చూసి జట్టులోకి దిగాడు. ఆయనకి బేస్‌బాల్ పెద్దగా తెలియదంటారు, గిరాకీ మాత్రం బాగా తెలుసు. ఆయన జట్టు 1885 నుంచి 1888 దాకా వరసగా నాలుగు సార్లు లీగ్ గెలిచింది. ఇప్పటి కార్డినల్స్ ఆ జట్టు వారసులే. 1891 తర్వాత అమెరికన్ అసోసియేషన్ మూతపడింది, నాలుగు జట్లు నేషనల్ లీగ్‌లో కలిసిపోయాయి. కానీ ఓడిపోయింది పేరు మాత్రమే. కలిసేటప్పుడు చవక టికెట్టూ, ఆదివారం ఆటా, బీరూ ఎవరి ఊరి ఇష్టం వాళ్ళదని నేషనల్ లీగ్ ఒప్పుకోవాల్సొచ్చింది. ఆదివారం ఆటకి చట్టాలు అడ్డుపడటం మాత్రం చాలా ఊళ్ళలో ఇంకా చాన్నాళ్ళు సాగింది. న్యూయార్క్‌లో 1919 దాకా, ఫిలడెల్ఫియాలో అయితే 1934 దాకా.

నాకు ఈ కథలో నచ్చేది ఇదే. పాతిక సెంట్ల టికెట్టూ, ఆదివారం ఆటా, బీరూ మూడూ ఒకే మూటలో వచ్చాయి. ఆరు రోజులు ఒళ్ళు హూనం చేసుకున్న మనిషికి ఏడో రోజు ఒక చోటు దొరికింది, ఆ చోట అతనికి నచ్చిన తాగుడు కూడా దొరికింది. బీరుని ఒక్కదాన్నే విడదీసి చూస్తే అది తాగుడు అలవాటులా కనిపిస్తుంది, మూడూ కలిపి చూస్తే ఆ మనిషికి దక్కిన గౌరవంలా కనిపిస్తుంది.

తర్వాత వచ్చిన మద్యనిషేధం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మన దగ్గర 1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం పెట్టింది రెండేళ్ళ పైచిలుకు నడిచింది, అమెరికాలో 1920 నుంచి 1933 దాకా నడిచింది. వింతేమిటంటే న్యూయార్క్ యాంకీస్ జట్టు కోసం బేబ్ రూత్ అనే మేటి ఆటగాణ్ణి కొని, యాంకీ స్టేడియం కట్టి, ఆ జట్టుని ఆకాశానికెత్తిన జేకబ్ రూపర్ట్ అసలు వృత్తి బీరు తయారీ. 1923లో ఆ స్టేడియం తెరిచేనాటికి మామూలు బీరు అమ్మడం ఆయనకే నేరం.

నిషేధం పోయాక రేడియోలో ఆట ప్రసారాలకి డబ్బు పెట్టినవాళ్ళలో బీరు కంపెనీలు ముందున్నాయి. బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్‌లో స్కోరుబోర్డు మీద షేఫర్ (Schaefer) బీరు ప్రకటన ఉండేది. అధికారిక స్కోరర్ లెక్కలో హిట్ అయితే ఆ పేరులోని H అక్షరం వెలిగేది, ఫీల్డర్ తప్పు (ఎర్రర్) అయితే E అక్షరం వెలిగేది. ప్రకటనే స్కోరు చెప్పేది! 1953లో బడ్‌వైజర్ తయారు చేసే ఆన్‌హైజర్-బుష్ కంపెనీ ఏకంగా సెయింట్ లూయిస్ కార్డినల్స్‌నే కొనేసింది. స్టేడియానికి బడ్‌వైజర్ స్టేడియం అని పేరు పెడదామనుకున్నారు, బీరు పేరు కుదరదని బేస్‌బాల్ పెద్దలు అడ్డం చెప్పారు, అయితే మా ఇంటి పేరు పెట్టుకుంటామని బుష్ స్టేడియం అన్నారు. రెండేళ్ళకి అదే కంపెనీ బుష్ పేరుతో కొత్త బీరు దించింది. ఇప్పుడైతే ఆ మొహమాటం ఎవరికీ లేదు, డెన్వర్లో స్టేడియం పేరే కూర్స్ ఫీల్డ్, మిల్వాకీ జట్టు పేరే బ్రూయర్స్.

టొరంటో సంగతి ఇంకా విచిత్రం. 1977లో బ్లూ జేస్ జట్టు పుట్టినప్పుడు దాని యజమానుల్లో లబాట్ బీరు కంపెనీ ఉంది, కానీ అంటారియో చట్టం ప్రకారం స్టేడియంలో బీరు అమ్మకూడదు. ఏప్రిల్‌లో మంచు పడుతుండగా జరిగిన మొదటి ఆటలోనే జనం మాకు బీరు కావాలని అరిచారు. ఆ కోరిక తీరడానికి 1982 దాకా ఆగాల్సొచ్చింది.

చవక బీరు గురించి మాట్లాడితే ఎవరైనా ఎత్తే పేరు క్లీవ్‌లాండ్. 1974 జూన్ 4. పది సెంట్లకి ఒక కప్పు బీరు అని ప్రకటించారు, పాతికవేల మంది పైగా వచ్చారు, ఒకసారికి ఆరు కప్పులు కొనుక్కోవచ్చు, ఎన్నిసార్లు కొన్నా అడిగేవాడు లేడు. చీకటి పడేకొద్దీ జనం మైదానంలోకి దిగడం, టపాకాయలు విసరడం, బట్టలు విప్పి పరిగెత్తడం మొదలైంది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో స్కోరు 5-5గా ఉన్నప్పుడు టెక్సస్ ఆటగాడు జెఫ్ బరోస్ మీదికి జనం వెళ్ళారు, టెక్సస్ మేనేజర్ బిల్లీ మార్టిన్ తన కుర్రాళ్ళకి బ్యాట్లిచ్చి మైదానంలోకి తీసుకెళ్ళాడు, చివరికి క్లీవ్‌లాండ్ ఆటగాళ్ళే వచ్చి ఎదుటి జట్టుని కాపాడారు. అంపైర్లు ఆటని టెక్సస్‌కి ఇచ్చేశారు. ఈ కథ చెప్పినవాళ్ళంతా చవక బీరుదే తప్పు అని తేల్చేస్తారు. చెప్పకుండా వదిలేసేవి రెండున్నాయి. మొదటిది, అంతకు వారం ముందు టెక్సస్‌లోనే ఈ రెండు జట్లూ కొట్టుకున్నాయి, అక్కడి జనం క్లీవ్‌లాండ్ ఆటగాళ్ళ మీద బీరు పోశారు. ఆ కక్షని ఊళ్ళో వారమంతా ఎగదోశారు. రెండోది, అదే క్లీవ్‌లాండ్ జూలైలో మళ్ళీ పది సెంట్ల రాత్రి పెట్టింది. ఈసారి ఆ ధరకి మనిషికి రెండు కప్పులే. నలభై వేల మంది పైనే వచ్చారు, ఏ గొడవా జరగలేదు. అంటే చెడగొట్టింది ధర కాదు, లెక్కాపత్రం లేకుండా పోయడం. ఈ తేడా మర్చిపోవడం వల్లే ధర పెంచితే జనం బుద్ధిగా ఉంటారన్న వాదన ఈ రోజుకీ బతికుంది.

ఇప్పుడున్న నియమాలు చాలావరకు అనుభవంతో వచ్చినవే, వాటితో నాకు పేచీ లేదు. 21 ఏళ్ళు నిండాలి, గుర్తింపు కార్డు చూపించాలి, ఒకసారికి సాధారణంగా రెండే ఇస్తారు, చాలా చోట్ల ఏడో ఇన్నింగ్స్ అయ్యాక అమ్మకం ఆపేస్తారు. ఈ చివరి నియమం వెనక లెక్క సులువు. మిగిలిన రెండు ఇన్నింగ్స్‌లో అరగంట పైనే గడుస్తుంది, ఇంటికెళ్ళేవాళ్ళకి కొంచెం దిగే టైం దొరుకుతుంది. కారు తోలేవాడు అసలు తాగకపోవడమే పద్ధతి అనుకోండి. షికాగోలో రిగ్లీ ఫీల్డ్ స్టేడియం పక్కనే రైలు స్టేషనుంది కాబట్టి బెంగ లేదు, డాలస్ దగ్గర ఆర్లింగ్టన్‌లోని స్టేడియానికి వెళ్ళే మనవాళ్ళకి కారు తప్ప దారి లేదు, అక్కడ ఇంట్లోనే ఎవరు తోలాలో తేల్చుకుని బయల్దేరాలి.

2023లో బేస్‌బాల్ వాళ్ళు పిచర్‌కి గడియారం పెట్టారు. బేస్‌ల (పరుగు తీసేవాళ్ళు ఆగే చోట్ల) మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లు, ఉంటే 20 సెకన్లు (2024 నుంచి 18), ఆలోగా బంతి వెయ్యాలి. 2022లో సగటున మూడు గంటల నాలుగు నిమిషాలు పట్టిన ఆట ఒక్క ఏడాదిలో రెండు గంటల నలభై నిమిషాలకి దిగిపోయింది. ఆట బాగుపడిందని ఎక్కువమంది అంటారు, పని దినాల్లో పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళకి మేలే జరిగింది, కాదనను. అయితే పాతిక నిమిషాలు పోయేసరికి బీరు అమ్మే సమయం కూడా పోయింది. దాంతో మిల్వాకీ, టెక్సస్, అరిజోనా లాంటి క్లబ్బులు అమ్మకాన్ని ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా పొడిగించాయి. అప్పట్లో ఫిలడెల్ఫియాకి ఆడుతున్న పిచర్ మాట్ స్ట్రామ్ దీన్ని బాహాటంగానే తప్పుపట్టాడు. ఆట తొందరగా అయిపోతుంటే అమ్మకం ఇంకా ముందు ఆపాలి గానీ, పొడిగిస్తే తాగినవాళ్ళు ఇంకా తక్కువ వ్యవధిలో రోడ్డెక్కుతారు కదా అన్నాడు. అతనన్నది అక్షరాలా నిజం. ఏడో ఇన్నింగ్స్ నియమం దేనికి పుట్టిందో మర్చిపోయి గల్లాపెట్టె చూసుకున్నారు.

ధర దగ్గర ఇంకా మండుతుంది. చాలా స్టేడియాల్లో ఒక కప్పు పది డాలర్లు దాటడం మామూలైపోయింది. అమెరికా కేంద్ర కనీస వేతనం 2009 నుంచి గంటకి 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. అంటే ఆ జీతం మీద బతికేవాడు ఒక కప్పు కోసం గంటకి పైగా పని చెయ్యాలి. కారణం తెలిసిందే. లోపలికి వెళ్ళాక ఇంకో కొట్టు ఉండదు, బయటి మద్యం తీసుకురానివ్వరు, అమ్మే కాంట్రాక్టు ఒకరిద్దరి చేతిలో ఉంటుంది. టికెట్ ధర మరీ పెంచితే సీట్లు ఖాళీగా మిగులుతాయి, అందుకని టికెట్ దగ్గర కొంచెం తగ్గి కప్పు దగ్గర లాగుతారు. ఇదేం తప్పనిసరి కాదని అరిజోనా డైమండ్‌బ్యాక్స్ చూపించింది, అక్కడ చిన్న కప్పు ఐదు డాలర్ల లోపే ఏళ్ళ తరబడి అమ్మారు. అది చూసి కూడా మిగతావాళ్ళు మారకపోతే దాన్ని అత్యాశ అనే అనాలి. పాతిక సెంట్ల టికెట్టుతో ఎవరి కోసం ఈ బీరు గ్యాలరీలోకి వచ్చిందో వాళ్ళకే ఇప్పుడిది అందడం లేదు.

అమ్మే మనుషుల గురించి ఒక్క మాట. ట్రే భుజాన వేసుకుని మెట్లెక్కుతూ అరిచే వెండర్, వరస చివర్నుంచి చేతులు మారుతూ వెళ్ళే నోట్లు, అలాగే తిరిగొచ్చే కప్పు, చిల్లర. ముక్కూమొహం తెలియని పదిమంది ఒకరి డబ్బు ఒకరు అందించుకోవడం నాకు ఆటలో భాగంగానే అనిపిస్తుంది. కార్డులూ ఫోన్లూ వచ్చాక అది తగ్గింది. జపాన్‌లో మాత్రం బీరు ఇంకా మనిషి దగ్గరికే నడిచొస్తుంది. టోక్యో డోమ్‌లో, 1924 నాటి కోషియెన్ స్టేడియంలో, ఉరికో అని పిలిచే అమ్మాయిలు పదిహేను కిలోల దాకా బరువుండే పీపా వీపున కట్టుకుని మెట్లన్నీ ఎక్కి దిగుతారు. కిరిన్ బీరుకి ఒక రంగు దుస్తులు, అసాహి బీరుకి ఒక రంగు. చెయ్యెత్తితే చాలు, మోకాళ్ళ మీద కూర్చుని నురగ పొంగకుండా పోసిస్తారు. కష్టమైన పని, ఎన్ని కప్పులు అమ్మితే అంత డబ్బు.

మనవాళ్ళు ఎక్కువగా ఉన్న డాలస్ వైపు బేస్‌బాల్, క్రికెట్ ప్రపంచాలు రెండూ కలిసే చోటొకటుంది. గ్రాండ్ ప్రెయిరీ స్టేడియం ఒకప్పుడు ఎయిర్‌హాగ్స్ అనే చిన్న బేస్‌బాల్ జట్టుది. దాన్నే క్రికెట్ మైదానంగా మార్చారు, 2023లో మేజర్ లీగ్ క్రికెట్ అక్కడే మొదలైంది, 2024 టీ20 ప్రపంచకప్‌లో పాకిస్తాన్‌ని అమెరికా ఓడించింది కూడా అక్కడే. ఉప్పల్లో మామూలు స్టాండ్‌లో కూర్చుంటే కూల్‌డ్రింక్‌తో సరిపెట్టుకోవాలి. అలాగే చూసి పెరిగినవాళ్ళం కాబట్టి ఆటా బీరూ కలిస్తే గొడవే అన్న భయం మనలో ఉంది. ఒక బేస్‌బాల్ గ్యాలరీలో తాతలూ మనవలూ పక్కపక్కన కూర్చుని ఉండగా పెద్దాయన ఒక కప్పు మూడు ఇన్నింగ్స్ తాగడం చూస్తే ఆ భయం కొంత పోతుంది.

చూడాలనుకునేవాళ్ళకి నా సలహా ఒకటే, మొదటిసారి పెద్ద స్టేడియానికి వెళ్ళకండి. ఫ్రిస్కోలో ఉంటే రఫ్‌రైడర్స్ ఆటకి వెళ్ళండి, వేరే ఊళ్ళో ఉంటే అక్కడి మైనర్ లీగ్ జట్టు ఏదో కనుక్కోండి. టికెట్ చవక, పార్కింగ్ తిప్పలు తక్కువ, మైదానం చేతికందేంత దగ్గరగా ఉంటుంది. చాలా మైనర్ లీగ్ ఊళ్ళలో గురువారం పూట బీరు ధర తగ్గిస్తారు, వెళ్ళేముందు టికెట్ కౌంటర్‌కి ఫోన్ చేసి అడగండి. మూడో బేస్ వైపు నీడ ఏ గంటకి వస్తుందో కూడా వాళ్ళే చెప్తారు.